పులికాట్ రోడ్డు దిగి బురదలోకి నడవొచ్చా?

నడకపిచ్చి:
మొన్న ఆదివారం పొద్దున్నే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నడుస్తున్నాను. రెండు పక్కలా పులికాట్ సరస్సు. ఫ్లెమింగోలు తలలు తిరగేసి బురదనీళ్లను ముక్కుతో వడగట్టుకుంటున్నాయి. ఒక కుటుంబం కారు ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఫోటో కోసం నీళ్లలోకి దిగింది. నిమిషంలో పక్షుల గుంపంతా పరుగు తీసి లేచిపోయింది. నా మాట ఒకటే, రోడ్డు అంచు దాటొద్దు, దగ్గరగా చూడాలంటే బైనాక్యులర్ తెచ్చుకోండి. ఏమంటారు?

వీకెండ్ బాబు:
రెక్కలున్నది ఎగరడానికే కదా సార్. మళ్లీ పక్కనే వాలతాయి.

నడకపిచ్చి:
వాలతాయి. కానీ అంత పెద్ద పక్షి నీళ్ల మీద కొంతదూరం పరుగెత్తితే గానీ పైకి లేవలేదు. చలికాలంలో అవి ఇక్కడికి వచ్చేదే మేతకి. ఒక్క పొద్దున ఇరవై కార్లు ఆగి ఇరవైసార్లు లేపితే ఇక తినేదెప్పుడు?

కోడూరు అమ్మాయి:
మా కుక్కను తీసుకురావచ్చా? బెల్టు వేసే ఉంచుతాను.

పేట కుర్రోడు:
అన్నా, రోడ్డు అంచు అంటే ఎక్కడ? తారు అంచా, మట్టి అంచా, రాళ్లు పేర్చిన వాలు కూడా రోడ్డేనా? ఎండాకాలం నీళ్లు పోయాక అంతా పగుళ్లిచ్చిన నేలే, మేం బైకులేసుకుని పోతాం. అప్పుడు కూడా దిగకూడదా?

నడకపిచ్చి:
అప్పుడు కూడా. తీతువు గుడ్లు పెట్టేది ఉత్త నేల మీదే. మట్టిరంగులో ఉంటాయి, కాలు పడేదాకా కనపడవు. ఇక బైకు సంగతి చెప్పాలా?

పేట కుర్రోడు:
నేనడిగింది గుడ్ల సంగతి కాదు. రాళ్ల వాలు రోడ్డా కాదా?

వీకెండ్ బాబు:
పోయినసారి ఫ్లెమింగో పండగకి మూడు గంటలు ట్రాఫిక్‌లో ఉండి, తీరా చూస్తే పక్షులు చీమల్లా కనపడ్డాయి. పిల్లలు ఏడుపు. వాళ్ల కోసం పది అడుగులు దిగితే తప్పా?

తిప్పలోడు:
ఇందాకట్నుంచి చదువుతున్నా. మాది సరస్సులో తిప్ప మీది ఊరు. మా నాయన ఈ బురదలో మోకాళ్ల లోతున నిలబడి వల వేసి మమ్మల్ని పెంచాడు. ఒకసారి అభయారణ్యం అంటూ ఒకాయన వచ్చి వల లాక్కుపోయాడు. మీరేమో దిగాలా వద్దా అని సరదాగా మాట్లాడుకుంటున్నారు.

నడకపిచ్చి:
బ్రదర్, నేను మాట్లాడుతున్నది టూరిస్టుల గురించి. మీ నాన్నగారి వల జోలికి నేను రాలేదు.

తిప్పలోడు:
రాలేదు లే. నువ్వు గీత గీసి ఇక్కడ నిలబడండి అంటున్న ఆ రోడ్డు సంగతేంది? సరస్సును రెండుగా కోసింది ఆ రోడ్డే గదా. ఉత్తరం పక్కకి నీళ్లు సరిగ్గా పారవు. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసకతో పూడిపోతే ఉప్పునీళ్లు రావు, రొయ్యపిల్ల రాదు. అది తవ్వండని మావాళ్లు ఎన్నేళ్లుగా అడుగుతున్నారో తెలుసా? నీళ్లే లేకపోతే నీ ఫ్లెమింగో ఎక్కడ నిలబడుద్ది? నాలుగు కాళ్లు దిగితే పక్షి చచ్చిపోద్దా, నీళ్లు రాకపోతే చచ్చిపోద్దా?

నడకపిచ్చి:
ముఖద్వారం మాట నూటికి నూరుపాళ్లు నిజం, నేనూ సంతకం పెడతాను. అయితే అది తవ్వేదాకా ఎవరైనా బురదలో తిరగొచ్చనా? ఉన్న కాసిన్ని నీళ్లలోనే కదా అవి తినాలి.

తిప్పలోడు:
తిరగమన్నానా? 1976లో అభయారణ్యం అన్నారు. దానికి ముందు నుంచీ మా తాతలు పక్షుల పక్కనే వల వేశారు, ఒక్కటి లేచిపోయేది కాదు. ఎట్టా నడవాలో మాకు తెలుసు. అభయారణ్యం బోర్డు పెట్టే ముందు ఒక్కరన్నా మమ్మల్ని అడిగారా అనేదే నా బాధ.

పేట కుర్రోడు:
అయితే రాళ్ల వాలు?

తిప్పలోడు:
వాలు మీద కూర్చో అబ్బయ్యా, గమ్మున కూర్చో. కదలకుండా అరగంట ఉంటే అవే దగ్గరికి వస్తాయి. మేం చూసేది అట్టనే.

కోడూరు అమ్మాయి:
నా కుక్క సంగతి ఎవరూ చెప్పలేదు.

నడకపిచ్చి:
వద్దమ్మా.

తిప్పలోడు:
వద్దు. ఆరేసిన వలలు కొరుకుద్ది.