అమ్మ వెన్నెముక శస్త్రచికిత్సలో దాత ఎముక వాడకం: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

చెన్నైలో మా దగ్గర ఉంటున్న అమ్మకు 66 ఏళ్లు. వెన్నెముక పక్కకూ ముందుకూ వంగిపోవడంతో పొయ్యి దగ్గర పది నిమిషాలు కూడా నిలబడలేకపోతున్నారు. వీపు కింది భాగం నుంచి కటి ఎముక దాకా రాడ్లు, స్క్రూలు బిగించి పూసలను అతికించాలని, ఇంత పొడవుకు ఆమె సొంత ఎముక చాలదు కాబట్టి బోన్ బ్యాంకు (దానంగా వచ్చిన ఎముకను శుద్ధి చేసి నిల్వ ఉంచే చోటు) నుంచి దాత ఎముకను తెప్పించి కలపాలని సర్జన్ గారు చెప్పారు.

సొంత ఎముక కోసం అమ్మ తుంటి నుంచి ఎక్కువగా తీస్తే అక్కడ చాలాకాలం నొప్పి మిగలవచ్చు గనుక ఈ పద్ధతి నాకు సబబుగానే తోస్తోంది. అయితే శుద్ధి చేసి నిల్వ ఉంచిన దాత ఎముకలో సాధారణంగా సజీవ కణాలు ఉండవు. అది పందిరిలా ఆధారమిస్తుందే గాని, పైకి పాకే తీగ, అంటే కొత్త ఎముక, అమ్మ ఒంట్లోంచే రావాలి. ఆమెకు ఎముకలు గుల్లబారే జబ్బు కూడా ఉండటమే నా అసలు భయం, ఎందుకంటే పూసలు అతుక్కోకపోతే కొంతకాలానికి రాడ్లు విరిగే ప్రమాదం ఉంటుంది.

ఇటువంటి ఆపరేషన్ చేయించుకున్నవారు దయచేసి చెప్పగలరా: ముందుగా టెరిపారటైడ్ (కొత్త ఎముక పెరిగేలా చేసే మందు) ఇంజెక్షన్లు ఇచ్చారా? పూసలు అతుక్కున్నట్లు సీటీ స్కాన్‌లో ఎన్ని నెలలకు తేలింది? 2011 సవరణతో కేంద్ర అవయవ మార్పిడి చట్టం పరిధిలోకి ఎముక వంటి కణజాలాలూ వచ్చాయి కదా, బోన్ బ్యాంకు రిజిస్ట్రేషన్, దాతకు చేసిన పరీక్షల వివరాలు ఆసుపత్రి వారిని అడిగితే చూపించారా?