పార్కు గురించి జనం చెప్పే మాట ప్రమాణమా, అక్కడ వారు చేసే పని ప్రమాణమా?

వనమాలి:
తీర్చిదిద్దిన తోటలను, పార్కులను, నలుగురూ కూర్చునే బహిరంగ కూడళ్లను జనం ఎలా చూస్తారన్న విశ్వవిద్యాలయ పరిశోధనల్లో చాలావరకు ఫొటోలు చూపించి మార్కులు వేయించుకున్నవే. మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేచెల్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు ఈ పద్ధతిలోనే పనిచేసి, దృశ్యంలో పొందిక ఉండటం ఎంత ముఖ్యమో, మలుపు తిరిగి కనుమరుగయ్యే బాట రేపే కుతూహలం కూడా అంతే ముఖ్యమని తేల్చారు. రూపకర్త సొంత అభిరుచి కంటే ఈ ఆధారమే నమ్మదగినదని నా అభిప్రాయం. మీరేమంటారు?

నీడపట్టు:
వనమాలి గారూ, ఆ ఆధారాన్ని నేను కొట్టిపారేయను గానీ, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని తోట వేయడానికి మాత్రం ఒప్పుకోలేను. ఫొటోలో ఎండ తగలదు, బెంచీ కాలదు, పక్కన ఎవరు కూర్చున్నారో తెలియదు. నగర జీవితాన్ని పరిశీలించిన విలియం వైట్ 1970లలో న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి గమనించినప్పుడు, రద్దీకి దూరంగా ఉండాలని చెప్పే మనుషులే నలుగురూ తిరిగే చోటును వెతుక్కుని కూర్చోవడం కనిపించింది. కదిలే కుర్చీ దొరికితే మనిషి దాన్ని కాస్త ఇటు జరిపి, కాస్త అటు జరిపి, ఒక్కోసారి మొదట ఉన్న చోటికే తెచ్చి అప్పుడు కూర్చుంటాడు. ఈ చోటు నాది అనిపించుకోవడానికి చేసే ఆ చిన్న పనిని ఏ ప్రశ్నావళి పట్టుకోగలదు?

వనమాలి:
ఆ కుర్చీ సంగతి నేనూ ఒప్పుకుంటాను. అయితే కెమెరాకు వచ్చినవారే కనిపిస్తారు. పొదల వెనుక చీకటికి భయపడి సాయంత్రం రావడం మానుకున్న స్త్రీ, మెట్లు చూసి వెనుదిరిగిన చక్రాల కుర్చీ మనిషి ఏ లెక్కలోకీ రారు. వారి ఇంటికి వెళ్లి అడగాల్సిందే. పైగా వాడకమంటే లోపల తిరగడమొక్కటే కాదు. రోజర్ ఉల్‌రిచ్ 1984లో ప్రచురించిన అధ్యయనంలో, పిత్తాశయ శస్త్రచికిత్స తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించిన 23 మంది రోగులు, ఇటుక గోడ మాత్రమే కనిపించిన 23 మంది కంటే సగటున త్వరగా ఇంటికి వెళ్లారు. ఇక్కడ లెక్కకు వచ్చింది చెట్లు కనిపించడమే, వాటి కింద నడవడం కాదు.

గడ్డిపరక:
మీరిద్దరూ జనాభిప్రాయం స్థిరంగా ఉంటుందనుకుని వాదిస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే. ఏపుగా పెరిగిన గడ్డి, అడవిపూలు పురుగులకు, పక్షులకు ఎంత మేలు చేసినా, చూసేవారికి పట్టించుకోని చోటులా అనిపిస్తాయి. అంచున ఒక బారు గడ్డిని నీటుగా కత్తిరించి ఉంచితే, లోపలి గుబురు కావాలనే పెంచినదని తెలిసి జనం దాన్ని ఆదరిస్తారని భూదృశ్య రూపకల్పన పరిశోధకురాలు జోన్ నస్సావర్ 1995లోనే వాదించారు. మొక్కలు మారలేదు, చూపు మారింది. కాబట్టి తోట వేయకముందు ఒకసారి అడిగి ఊరుకోవడం గానీ, తెరిచిన వారంలో ఒకసారి గమనించి ఊరుకోవడం గానీ చాలదు. రెండో ఏడూ, ఐదో ఏడూ అదే చోటికి వెళ్లి అడగాలి, చూడాలి. ఆ ఖర్చును మొదటి అంచనాలోనే రాయించాలి, ఎందుకంటే ప్రారంభోత్సవం అయ్యాక దానికి డబ్బు ఇచ్చేవారు అరుదు.