ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్) ఉన్న సప్లయర్ బాకీ అంతా మన లాభంలో కలిపేస్తారా? ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) (చిన్న సప్లయర్లకి టైముకి కట్టని బాకీల సెక్షన్) తెలిసినవాళ్లు చెప్పండి

బెజవాడ వుడ్‌వర్క్:
పొద్దున్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. మా ఆడిటర్ గారు 2024-25 లెక్కలు ముగిస్తూ 9 లక్షల 40 వేలు మా లాభానికి కలిపేశారు. ఇదేంటండీ అంటే "ఎంఎస్ఎంఈ వాళ్లకి టైముకి కట్టలేదుగా, 43బీ(హెచ్)" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేశారు. మేం ఎవరికీ ఎగ్గొట్టలేదు. ఏప్రిల్, మే నెలల్లో అందరికీ పైసలతో సహా కట్టేశాం, బ్యాంక్ స్టేట్‌మెంట్ చూపిస్తాను. మాది పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే దాదాపు 2 లక్షల 93 వేలు టాక్స్, అదీ చేతికి రాని లాభం మీద. యూట్యూబ్‌లో ఒకాయన 15 రోజులంటాడు, ఇంకొకాయన 45 అంటాడు, మరొకాయన రిటర్న్ వేసేలోపు కట్టేస్తే చాలంటాడు. ఏది నిజం? ఇది తీయించే దారి ఉందా? అర్జెంట్ అండి.

గోదారి గట్టు:
లేదు. కట్టండి.

అమీర్‌పేట అకౌంటెంట్:
అంత తొందరెందుకు గోదారి గారూ. రిటర్న్ గడువులోపు కట్టేస్తే చాలన్నది మాత్రం తప్పు. జీఎస్టీకి, పీఎఫ్‌కి ఉన్న ఆ వెసులుబాటు (హెచ్)కి ఇవ్వలేదు. రాసుకున్న ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే అందులో రాసుకున్న గడువు, అదీ 45 రోజులు దాటకూడదు. కాబట్టి ఇద్దరు యూట్యూబర్లూ సగం సగం కరెక్టే. వుడ్‌వర్క్ గారూ, ఎవరెవరికి ఎంత బాకీ, ఏ సరుకు, ఏ తేదీ, అవి లేకుండా ఎవరేం చెప్తారు? టర్నోవర్ ఎంత? 44ఏడీలో (టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని అంచనాగా చూపించే పద్ధతి) వేస్తారా?

బెజవాడ వుడ్‌వర్క్:
44ఏడీ కాదండి, టర్నోవర్ నాలుగున్నర కోట్లు పైనే. బాకీలంటే మామూలు సప్లయర్లే, అందరికీ ఉద్యమ్ ఉంది. సర్టిఫికెట్లు తెప్పించి ఆడిటర్‌కి నేనే పంపాను.

బాలానగర్ టూల్స్:
ఇక్కడ అందరూ కొనేవాడి వైపు నుంచే ఏడుస్తున్నారు, అమ్మేవాడి గోడు కూడా వినండి. మాది చిన్న షెడ్డు, డైలు, ఫిక్చర్లు చేస్తాం. సరుకు పట్టుకెళ్లి ఆరు నెలలు తిప్పించుకునే పార్టీలు ఎన్నో. ఈ చట్టం 2023 బడ్జెట్‌లో వచ్చి 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ (అంటే 2023-24 లెక్కలు) నుంచి అమల్లో ఉంది, కానీ అసలు హక్కు కొత్తది కాదు, 2006 ఎంఎస్ఎంఈడీ చట్టంలోనే ఉంది. సెక్షన్ 16 చదవండి. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ. బ్యాంక్ రేటు 6.75 ఉన్నప్పుడు అది 20.25 శాతం! పైగా సెక్షన్ 23 ప్రకారం ఆ వడ్డీని ఖర్చు కింద చూపించుకోవడానికి కూడా లేదు. కేసు వేస్తే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి (ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే మండలి) వెళ్తుంది, అక్కడ ఓడి కోర్టుకెళ్లాలంటే ముందు 75 శాతం కట్టి వెళ్లాలి. ఇన్ని ఉన్నా మాలాంటోళ్లు ఎందుకు వేయరో తెలుసా, వేసిన మర్నాడు ఆర్డర్లు ఆగిపోతాయి. 43బీ(హెచ్) వచ్చాక ఒక పార్టీ నేరుగా అడిగాడు, "మీ ఉద్యమ్ క్యాన్సిల్ చేసుకుని రండి, అప్పుడు కొంటాను" అని. ఇదీ మన వ్యాపార నీతి.

గోదారి గట్టు:
ఆయన అడిగిందేంటి, మీరు చెప్పేదేంటి.

బాలానగర్ టూల్స్:
సంబంధం ఉంది సార్. టైముకి కట్టి ఉంటే ఈ ప్రశ్నే రాదు.

తణుకు నుంచి:
నాకు తెలిసి ఎంఎస్ఎంఈ అంటే మీడియం కూడా కలిపి కదా? మా దగ్గర ఒక పెద్ద పేపర్ బోర్డు పార్టీ మీడియం సర్టిఫికెట్ పంపి 45 రోజుల్లో కట్టమని గొడవ చేస్తున్నాడు.

గోదారి గట్టు:
43బీ(హెచ్)లో మీడియం లేదు. మైక్రో, స్మాల్ మాత్రమే. వంద కోట్ల టర్నోవర్ వరకు స్మాల్.

అమీర్‌పేట అకౌంటెంట్:
వంద కోట్లన్నది 2025 ఏప్రిల్ 1 నుంచి గోదారి గారూ. ఇక్కడ లెక్క 2024-25ది. ఆ ఏడాదికి మైక్రో 5 కోట్లు, స్మాల్ 50 కోట్లే. పెట్టుబడి పరిమితులు వేరే ఉన్నాయి. ఇప్పటి సర్టిఫికెట్ మీద స్మాల్ అని ఉంటే అప్పుడు కూడా స్మాలేనని రాసేస్తున్నారు చాలామంది. ఏ ఏడాదికి ఏ కేటగిరీయో సర్టిఫికెట్ మీదే ఉంటుంది, చూసుకోవాలి.

గోదారి గట్టు:
సరే, 50. ఈయన సప్లయర్లు ఎవరూ 50 దాటి ఉండరు, తేడా ఏముంది.

అమీర్‌పేట అకౌంటెంట్:
తేడా ఉందో లేదో ఆయన పేర్లు చెప్తేగా తెలిసేది. పేర్లు వద్దు లెండి, ఏం అమ్ముతారో చెప్పండి చాలు.

బెజవాడ వుడ్‌వర్క్:
సరే రాస్తున్నాను. ప్లైవుడ్, లామినేట్ షీట్లు ఇక్కడి డీలర్ దగ్గర, 4 లక్షల 60 వేలు. హ్యాండిళ్లు, కీళ్లు రాజ్‌కోట్‌లో తయారుచేసే ఆయన దగ్గర, 1 లక్షా 90 వేలు, జనవరి 20న దిగిన సరుకు. సీఎన్సీ కటింగ్ జాబ్‌వర్క్ 80 వేలు. చెక్క కోసే రౌటర్ మెషిన్ కొన్నాం, దానిది 2 లక్షల 10 వేలు మిగిలింది. ఇంతే. అన్నీ కలిపి 9.40. ఇవన్నీ ఒకటే కదా?

అమీర్‌పేట అకౌంటెంట్:
అయ్యా, ఇది మొదటి పోస్టులో రాసి ఉంటే ఇంత చర్చే అక్కర్లేదు.

మెషిన్ సంగతి ముందు. అది మీ పుస్తకాల్లో ఆస్తి. దాని ధరని మీరు ఖర్చు కింద రాసుకోలేదు, తరుగుదల మాత్రమే తీసుకుంటారు. ఖర్చే రాయని దాన్ని తిప్పి ఆదాయంలో కలపడం ఏంటి? ఆ 2 లక్షల 10 వేలు తీసేయాలి.

ప్లైవుడ్ డీలర్. ఈయన తయారుచేయడు, కొని అమ్ముతాడు. 2021 జూలై 2న కేంద్రం ఒక మెమోతో హోల్‌సేల్, రిటైల్ వర్తకులకు కూడా ఉద్యమ్ ఇచ్చింది, కానీ వాళ్లకి దక్కేది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలు మాత్రమే అని అందులోనే రాసింది. గడువు లోపు వసూలు చేసుకునే హక్కు వాళ్లకి లేదు. ఆ హక్కు లేనప్పుడు 43బీ(హెచ్) కూడా తగలదు. సర్టిఫికెట్‌లో 'మేజర్ యాక్టివిటీ' అన్న చోట ట్రేడింగ్ అని ఉందా, ఎన్ఐసీ కోడ్ (వ్యాపారం రకం తెలిపే నంబరు) 46తో గానీ 47తో గానీ మొదలవుతోందా చూడండి. ఉంటే ఆ 4.60 కూడా లాభంలో కలపక్కర్లేదు.

రాజ్‌కోట్ వాళ్లది తప్పదు. జనవరి సరుకు, మార్చి 31 నాటికి బాకీ, గడువు ఎలా లెక్కేసినా దాటింది. ఆ 1.90 ఈ ఏడాది కలుస్తుంది, మీరు ఏప్రిల్, మే నెలల్లో కట్టారు కాబట్టి 2025-26 లెక్కల్లో ఖర్చుగా తీసుకుంటారు. ఆ ఖర్చు శాశ్వతంగా పోదు, ఒక ఏడాది వాయిదా పడుతుంది అంతే. కటింగ్ బిల్లు తేదీ ఎంత, ఎప్పుడు కట్టారు?

బెజవాడ వుడ్‌వర్క్:
కటింగ్ మార్చి 24 బిల్లు, ఏప్రిల్ 4న కట్టాం. కానీ డీలర్ బిల్లు కింద "60 రోజుల క్రెడిట్" అని ప్రింట్ ఉంది, అది ఒప్పందం కాదా?

అమీర్‌పేట అకౌంటెంట్:
పదకొండు రోజులు, పదిహేను లోపే. కటింగ్ 80 వేలు కూడా కలపక్కర్లేదు. మార్చి 31 దాటినా గడువులోపు కట్టింది అదే ఏడాది ఖర్చే.

తణుకు నుంచి:
బిల్లు తేదీ నుంచి లెక్కపెడతారా, సరుకు దిగిన రోజు నుంచా? మా ఆడిటర్ బిల్లు తేదీ అంటాడు.

గోదారి గట్టు:
సరుకు దిగిన రోజు.

అమీర్‌పేట అకౌంటెంట్:
అవును, సరుకు తీసుకున్న రోజు. బాగాలేదని మీరు రాతపూర్వకంగా 15 రోజుల్లో అభ్యంతరం పెడితే, వాళ్లు దాన్ని సరిచేసిన రోజు నుంచి. వాట్సాప్‌లో "ఏంటన్నా ఈ సరుకు" అంటే అభ్యంతరమేనా అని నన్నడక్కండి, దాని మీద ఆడిటర్లే కొట్టుకుంటున్నారు. ఇక బిల్లు కింద 60 రోజుల ప్రింట్ సంగతి, డీలర్ ట్రేడరే అయితే దానితో పనే లేదు. తయారీదారుడైతే 60 రాసుకున్నా 45 దగ్గరే ఆగుతుంది, మీరు ఆర్డర్ కాగితం మీద సంతకం చేశారా లేదా అన్నది కూడా చూస్తారు.

శ్రీకాకుళం క్యాషూ:
కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ నుంచి కదా, అందులో ఇది ఎత్తేశారని మా దగ్గర అందరూ అంటున్నారు?

గోదారి గట్టు:
ఎత్తేయలేదు. నంబరు మారింది.

బాలానగర్ టూల్స్:
ఎత్తేస్తే మీకు పండగే లెండి. అమీర్‌పేట గారూ, మీరు చెప్పిన దాంట్లో నాకొకటి నచ్చలేదు. డీలర్‌ది బాకీ కాదా? ఆయన కూడా బ్యాంకు వడ్డీ కట్టే సరుకు తెస్తాడు. తయారుచేసేవాడికి ఒక న్యాయం, అమ్మేవాడికి ఒక న్యాయమా?

అమీర్‌పేట అకౌంటెంట్:
నచ్చడం నచ్చకపోవడం కాదు బాలానగర్ గారూ, రాసింది అలా ఉంది. అసలు వర్తకుల్లోనే ఈ రూల్‌కి బయట ఉండటం మేలు అనుకున్నవాళ్లున్నారు. 2024 మొదట్లో బట్టల వ్యాపారులు ఎంత గోల చేశారో మర్చిపోయారా, ఆ వరుసలో నేత వేసేవాడు, దాన్ని కొని అమ్మేవాడు అందరూ 120 రోజుల అరువు మీదే నడుస్తారు.

బాలానగర్ టూల్స్:
ఆ 120 రోజుల అరువు ఎవరి డబ్బు మీద నడుస్తోంది అన్నదే నా పాయింట్.

తణుకు నుంచి:
మళ్లీ మొదలెట్టారు.

బెజవాడ వుడ్‌వర్క్:
డీలర్ సర్టిఫికెట్ చూశాను. 'ట్రేడింగ్' అని ఉంది, కోడ్ 46తోనే మొదలవుతోంది. ఆడిటర్‌కి ఫోన్ చేశాను, మెషిన్, కటింగ్ వెంటనే తీసేస్తానన్నారు. డీలర్‌ది మాత్రం "ఆ జూలై మెమో కాపీ పెట్టి మెయిల్ చేయండి, చూసి చెప్తాను" అన్నారు. అది ఎక్కడ దొరుకుతుంది?

గోదారి గట్టు:
ఎంఎస్ఎంఈ మంత్రిత్వ శాఖ సైట్.

బెజవాడ వుడ్‌వర్క్:
దొరికింది. థాంక్సండి.

శ్రీకాకుళం క్యాషూ:
అమీర్‌పేట గారూ, జీడిపప్పు బద్దలు చేసి అమ్మేవాళ్లు తయారీదారులా, వర్తకులా? మా దగ్గర పిక్కలు కొని కొంత అలాగే అమ్మేస్తాం, కొంత బద్దలు చేస్తాం.

తణుకు నుంచి:
దాన్ని వేరే పోస్టుగా వేయండి, ఇక్కడ ఎవరూ చూడరు.