పీసీపీ ఆర్కైవ్‌లు (సర్వర్ లెక్కల ఫైళ్లు) ఎక్స్‌జెడ్‌తో కంప్రెస్ చేశాను, ఇవాళ్టి డేటా మాయమైంది

పిక్కలబస్తా, శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం, డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర చిన్న కంప్యూటర్ షాపు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ లినక్స్ సర్వర్‌ని నేనే చూస్తుంటాను. కమాండ్లు కూడా తెలుగులోనే రాస్తున్నా, ఫోన్‌లో కీబోర్డు మార్చుకునే ఓపిక లేదు, ఏమీ అనుకోకండి.

రోజూ సాయంత్రం అయిదున్నరకి, సరిగ్గా జీడి పిక్కల లారీలు కాటా ఎక్కే వేళకి, బిల్లింగ్ స్క్రీన్ ఓ పావుగంట బిగుసుకుపోతోంది. డ్రైవర్లు హారన్ కొడతారు, మేనేజర్ నాకు ఫోన్ కొడతాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లనడిగితే "మాది బానే ఉంది, మీ మెషినే స్లో" అంటారు. నోటిమాటతో పని జరగదని పీసీపీ (పర్ఫార్మెన్స్ కో-పైలట్, మెషిన్ ఎలా నడుస్తోందో లెక్కలు రాసే టూల్) వేసి, పది సెకన్లకోసారి సీపీయూ, డిస్క్, మెమరీ లెక్కలు రాయిస్తున్నాను. రోజుకి అర జీబీ వస్తోంది. రాత్రి కంప్రెస్ చేసే పని సీపీయూని తినేస్తుందేమోనని మొదట్లో నేనే ఆపేశాను. రెండు నెలలు దాచమన్నాను. ఉన్నది 40 జీబీ డిస్కు. ఇవాళ చూద్దును కదా, 97 శాతం.

కంగారుపడి ఇంట్లోంచే కనెక్ట్ అయ్యి, పీఎంలాగర్ (పీసీపీలో ఆ లెక్కలు ఫైళ్లలోకి రాసే ప్రోగ్రాము) ఫోల్డర్లోకి వెళ్లి, ఎక్స్‌జెడ్ -9 అని పక్కన స్టార్ పెట్టి ఎంటర్ కొట్టేశాను. అప్పటి నుంచీ టెన్షనే. మధ్యలో డేటాబేస్ చచ్చిపోయింది (ర్యామ్ 2 జీబీ). దాన్ని లేపాక చూస్తే స్థలం తగ్గింది గానీ, డీయూ లెక్కకీ (ఫైళ్ల సైజులన్నీ కూడితే వచ్చేది) డీఎఫ్ లెక్కకీ (డిస్కులో నిజంగా నిండినది) అర జీబీ తేడా. ఇవాళ్టి ఫైళ్లకి ఎక్స్‌జెడ్‌వి తప్ప అసలువి లేవు. వాటి సైజు గంట నుంచీ ఒక్క బైటు పెరగలేదు. పోయిన వారం, రెండు వారాల ఫైళ్లని టార్ ఎక్స్‌జెడ్ మూటలుగా కట్టాను, అవి పీఎంరెప్ (ఆ లెక్కలు తెరిచి చూపించే పీసీపీ కమాండ్) అసలు తెరవనంటోంది. సరే, తెరుచుకున్న గురువారం ఫైల్లో సాయంత్రం 5:30 చూస్తే మెషిన్ హాయిగా నిద్రపోతోంది! ఆ రోజు ఫోన్లో తిట్లు తిన్నది నేనే కదా, ఎలా మర్చిపోతాను?

నాగావళిగట్టు, 9:52

తమ్ముడూ, ముందు పీఎంలాగర్‌ని ఆపకు. రీస్టార్ట్ వద్దు, రీబూట్ అసలే వద్దు.

ఇంకా రాస్తున్న ఫైలుని నొక్కేశావు (కంప్రెస్ చేశావు) నువ్వు. ఎక్స్‌జెడ్ ఆ క్షణానికి ఎంత ఉంటే అంతే చదివి, కొత్త ఫైలు రాసి, పాతదాన్ని తీసేస్తుంది. తీసేసింది పేరునే. పీఎంలాగర్ చేతిలో ఆ ఫైలు ఇంకా తెరిచే ఉంది, పాపం అది పేరు లేని ఫైల్లోకే రాసుకుంటూ పోతోంది. నీ అర జీబీ తేడా అదే. ఎల్‌ఎస్‌ఓఎఫ్ (తెరిచి ఉన్న ఫైళ్లు చూపించే కమాండ్) కొట్టి చూడు, వరస చివర డిలీటెడ్ అని కనబడతాయి.

కనబడితే అదృష్టవంతుడివి. ప్రాక్ (నడుస్తున్న ప్రోగ్రాముల వివరాలు ఉండే ఫోల్డరు) కింద పీఎంలాగర్ ప్రాసెస్ నంబరు ఫోల్డరు, అందులో ఎఫ్‌డీ (అది తెరిచిన ఫైళ్లు) ఫోల్డరు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపించిన నంబర్లతో .0 (అసలు లెక్కలు), మెటా (వాటి వివరణ), ఇండెక్స్ (ఏది ఎక్కడుందో) మూడూ ఇంకో చోటికి కాపీ చెయ్యి. మూడూ కలిస్తేనే ఒక ఆర్కైవ్, ఏ ఒక్కటి లేకపోయినా ఇబ్బందే. పొద్దుటి నుంచి రాసిందంతా అందులోనే ఉంటుంది. తర్వాత పీఎంలాగ్‌చెక్‌తో ఫైళ్లు బాగున్నాయో లేదో ఒకసారి చూసుకుని, అప్పుడు పీఎంలాగర్‌ని రీస్టార్ట్ చెయ్యి.

రాత్రి 12 దాటాక రోజువారీ స్క్రిప్టు వచ్చి ఆర్కైవ్ మార్చేస్తుంది. అప్పుడు ఆ ఫైళ్లు మూసుకుపోతాయి, ఇక ఎవరూ తేలేరు. అన్నం తర్వాత తినొచ్చు.

పిక్కలబస్తా, 10:31

అన్నా, ఉన్నాయి! మూడు వరసలు, మూడింటికీ డిలీటెడ్ అని. కాపీ చేశాను, పీఎంలాగ్‌చెక్ కూడా ఏమీ గొణగలేదు. చేతులు ఇప్పుడు వణకడం ఆగింది. ఇక మిగతావి ఎలా?

గంటస్తంభం, 10:58

విజయనగరం నుంచి. కాలేజీ ల్యాబులో ఇదే పని చేస్తాను కాబట్టి నాలుగు మాటలు.

డేటాబేస్‌ని చంపింది ఆ -9 అయ్యుంటుంది. ఎక్కువ నొక్కితే ఎక్కువ లాభం అనుకుంటాం గానీ, ఎక్స్‌జెడ్ -9 ఒక్క థ్రెడ్‌కే 674 ఎంబీ మెమరీ అడుగుతుంది. ఏమీ చెప్పకపోతే -6, అది 94 ఎంబీ. -0కి 3 ఎంబీ చాలు. 2 జీబీ మెషిన్లో, అదీ డేటాబేస్ నడుస్తుంటే, -9 ఊసే వద్దు.

పీసీపీ వాళ్ల డైలీ స్క్రిప్టు వాడేదీ -0యే, దానికి తోడు బ్లాక్ సైజు 10 ఎంబీ అని ఇస్తుంది. నాకు ఇది అర్థమవడానికి చాలాకాలం పట్టింది. ఎక్స్‌జెడ్ ఫైల్లో మధ్యకి దూకాలంటే బ్లాకు మొదలుకే దూకగలం. ఫైలంతా ఒకే బ్లాకైతే, సాయంత్రం అయిదున్నర చూడాలన్నా అర్ధరాత్రి నుంచీ విప్పుకుంటూ రావాలి. పది పది ఎంబీల ముక్కలైతే కావలసిన ముక్క విప్పితే సరి. మీ ఫైలు మీద ఎక్స్‌జెడ్ -ఎల్ కొట్టి చూడండి, బ్లాకులు 1 అని ఉంటే కథ అదే. స్థలం కొంచెం ఎక్కువ తీసుకుంటుంది, తీసుకోనివ్వండి.

నొక్కిన ఆర్కైవ్‌ని చూడ్డానికి ముందుగా విప్పక్కర్లేదు. పీఎంరెప్, పీఎండంప్‌లాగ్ లాంటివి ఎక్స్‌జెడ్‌ని వాటంతట అవే విప్పుకుంటాయి. కానీ టార్ మూటలోకి తొంగిచూడలేవు. ఆ మూటల్ని విప్పి, ఫైళ్లని విడివిడిగా నొక్కండి, ఇండెక్స్‌ని మాత్రం ముట్టుకోకండి. అది చిన్నది, స్క్రిప్టు కూడా దాన్ని వదిలేస్తుంది. విప్పితే మళ్లీ పాత సైజుకి ఉబ్బుతుంది కాబట్టి ఒక్కో మూటా తియ్యండి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి పంపాలంటే రెండు నెలలూ ఎందుకు, పీఎంలాగ్ఎక్స్‌ట్రాక్ట్‌తో ఆ గంట ముక్కే కోసి పంపండి, వాట్సాప్‌లో పోతుంది.

ఇకమీదట చేత్తో నొక్కకండి. డైలీ స్క్రిప్టుకి చిన్న అక్షరం ఎక్స్ ఆప్షన్ ఉంది, ఎన్ని రోజులైతే నొక్కాలో చెప్పొచ్చు. చిన్న కే ఎన్నాళ్లు ఉంచాలో, ఊరుకుంటే 14 రోజులు.

ఇంకో మాట. అయిదున్నరకి మెషిన్ నిద్రపోతోందన్నారు. సర్వర్ మీద డేట్ అని కొట్టి మీ చేతి గడియారంతో పోల్చి చూశారా?

పిక్కలబస్తా, ఆదివారం ఉదయం 11:15

గంటస్తంభం గారూ, మీ పేరు పెట్టుకున్నందుకు గడియారమే పట్టుకున్నారు.

సర్వర్ యూటీసీలో (మనకన్నా అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం) ఉంది. నేను అక్కడే పీఎంరెప్ కొట్టి 5:30 చూస్తుంటే, అది మన రాత్రి 11. ఫ్యాక్టరీకి తాళం పడ్డాక నిద్రపోక ఏం చేస్తుంది? పీఎంరెప్‌కి క్యాపిటల్ జెడ్ (టైమ్ జోన్ ఆప్షన్) పెట్టి ఆసియా కోల్‌కతా అని ఇచ్చి మళ్లీ గురువారం తెరిచాను. సరిగ్గా 5:30కి డిస్కు రాతలు నిట్టనిలువుగా లేచాయి, 5:46కి పడ్డాయి. శుక్రవారం అంతే. నిన్నటి ఫైల్లోనూ అంతే, నాగావళి అన్న పుణ్యాన దక్కిన ఫైలు అది. ఆ 5:30కి మొదలయ్యేది ఏంటా అని క్రాన్ (టైముకి పనులు నడిపే పట్టిక) చూస్తే, బ్యాకప్. మధ్యాహ్నం 12కి పెట్టి ఉంది, అందరూ భోజనానికి పోయే టైమని. పెట్టింది ఎవరో కాదు, నేనే. 12 యూటీసీ అంటే మన అయిదున్నర.

సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఫోన్ చేసి సారీ చెప్పాను, పెద్దగా ఆనందించారు. ఇంకో తమాషా, అన్న చెప్పిన అర్ధరాత్రి గండం కూడా నాకు తెల్లవారి 5:30కే వచ్చేది. నిన్న అన్నం మానేసి కూర్చున్నాను.

బ్యాకప్ రాత్రి రెండింటికి మార్చాను, మన రెండింటికే. చిన్న ఎక్స్‌కి 1 పెట్టాను. టార్ మూటలు ఒకటి విప్పాను, ఇంకొకటి సాయంత్రం. మేనేజర్‌కి తప్పు నాదని చెప్పలేదు, సమస్య దొరికిందని మాత్రం చెప్పాను. కిలో జీడిపప్పు బద్ద పంపిస్తానన్నాడు.

నాగావళిగట్టు, 11:40

బద్దకి ఒప్పుకున్నావా? గుండు (విరగని పప్పు) అడగవలసింది. గంటస్తంభం గారికి సగం పంపు.