అప్‌డేట్: స్క్రీన్ ఆఫ్ అయితే ఆడియోబుక్ ఆగిపోయే సమస్య తీరింది

మా నాయన ఫోన్‌లో ఆడియోబుక్ పెట్టి స్క్రీన్ ఆఫ్ చేస్తే కాసేపటికే ఆగిపోతోందని అడిగాను కదా, అది తీరింది. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. బ్యాటరీ సంగతి చూడమన్నవాళ్లదే కరెక్ట్, బ్యాటరీ ఆదా కోసం ఫోనే ప్లేయర్‌ను ఆపేస్తోంది: సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్లి, ఆ ప్లేయర్ పేరు నొక్కి, బ్యాటరీ దగ్గర అన్‌రిస్ట్రిక్టెడ్ (ఆంక్షలు లేకుండా) పెట్టాను, అంతే. బ్లూటూత్‌కీ నెట్‌కీ దీంతో సంబంధం లేదు, డౌన్‌లోడ్ చేసిన ఫైల్ కూడా అట్లే ఆగేది. ప్రొద్దుటూరులో రిపేరు షాపతను మెమరీ కార్డు మార్చమన్నాడు, అదీ దండగే.

ఇప్పుడు నాయన బైబిల్లోని అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం, పౌలుతో కలిపి 276 మంది ఉన్న ఓడ, బరువు తగ్గించడానికి గోధుమలు సముద్రంలో పారబోయడం, మెలితే (ఇప్పటి మాల్టా) దగ్గర ఓడ బద్దలవడం, అంతా ఏకబిగిన వినేశాడు. ఇక 1748లో తుఫానులో చిక్కిన జాన్ న్యూటన్ (‘అమేజింగ్ గ్రేస్’ పాట రాసినాయన) కథ కావాలట. ఆ తుఫాను తర్వాత కూడా ఆయన కొన్నేళ్లు బానిసల ఓడలు నడిపాడంటే నాయన నమ్మడం లేదు, వింటే ఆయనకే తెలుస్తుంది.