నాయన ఫోన్‌లో మెనూ మారిపోయింది. ఇది బాగు చేయడమా, తలనొప్పి తేవడమా?

పెన్నా_ఒడ్డు: మాది అనంతపురం దగ్గర పల్లె. నాయనకు 68 ఏళ్లు. తెలుగు చదువుతాడు, ఇంగ్లీషు రాదు. ఫోన్‌పే అంటే ఆయనకు పేరు కాదు, ‘రెండో పేజీ, కింది వరస, ఊదా రంగు బొమ్మ’. అప్‌డేట్ పడినాక యాప్‌లన్నీ ఉండే, పక్కకు జరిపే మెనూ కాస్తా పైకీ కిందికీ జరిపేదైంది. బొమ్మలన్నీ అక్షరాల వరసలోకి పోయినాయి. ఎరువుల అంగట్లో పది నిమిషాలు వెతికినాడంట, వెనకాల ఆరుగురు నిలబడి ఉంటే. చివరికి బస్తా అక్కడే వదిలి ఇంటికొచ్చినాడు. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతారు?

బెంగళూరు_బస్సు: 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు తెర మీద పట్టుమని ఇరవై బొమ్మలు లేవు. యాప్ స్టోర్ వచ్చిందే 2008లో. ఇప్పుడు నా ఫోన్‌లో 94 యాప్‌లు. పేజీలు తిప్పుకుంటూ కూర్చుంటామా? అక్షరాల వరస, పైన సెర్చ్. ఇంతకంటే సులువు ఏముంది?

చెనిక్కాయ: మా అవ్వకు కీప్యాడ్ ఫోనే హాయి. 2 నొక్కి పట్టుకుంటే నేను పలుకుతా.

పెన్నా_ఒడ్డు: ఏ అక్షరాల వరస సామీ? ఫోన్ తెలుగులో పెడితే కెమెరా తెలుగులో వస్తుంది, ఫోన్‌పే ఇంగ్లీషులోనే ఉంటుంది. ఆయన ఏ అక్షరం దగ్గర వెతకాల?

బెంగళూరు_బస్సు: అది యాప్ వాళ్ల తప్పు, మెనూది కాదు.

పెన్నా_ఒడ్డు: అంగట్లో నిలబడినోడికి ఎవరిదైతే ఏం?

టవర్‌క్లాక్_సెల్‌పాయింట్: ఇద్దరూ ఆగండప్పా. ఆండ్రాయిడ్‌లో యాప్‌లన్నీ చూపే మెనూ వేరు, ముందు కనిపించే హోమ్ స్క్రీన్ వేరు. రెడ్‌మీలో మొదట ఆ మెనూనే లేదు, యాప్‌లన్నీ ముందు తెర మీదే. 2020లో కావాలంటే పెట్టుకోమన్నారు. అదే ఏడాది ఐఫోన్‌కూ అట్లాంటిదే, యాప్ లైబ్రరీ అని వచ్చింది. చాలా ఫోన్లలో అన్నీ హోమ్ స్క్రీన్ మీదే ఉంచుకోవచ్చు, బొమ్మలు కదలకుండా లాక్ కూడా చేయొచ్చు. నా అంగడికి ఈ పని మీదే రోజూ ఇద్దరు ముగ్గురు వస్తారు.

బెంగళూరు_బస్సు: చూశారా, దారి ఉంది. నేర్చుకోనని భీష్మించుకుంటే కంపెనీ ఏం చేస్తుంది?

పెన్నా_ఒడ్డు: మాటలు చూసి రాయి. బోరు మోటారును మంచం మీద నుంచే ఫోన్ కొట్టి ఆన్ చేసే మనిషి మా నాయన. ఆ సంగతి ఊర్లో కుర్రోళ్లకు నేర్పిందీ ఆయనే. నేర్చుకోడంట!

బెంగళూరు_బస్సు: నేనూ పడినా అన్నా. ఆదివారమొస్తే మా అమ్మతో ఫోన్‌లో అరగంట: “పైన నొక్కు, అది కాదు, పక్కన.” అందుకే మైక్ నొక్కి యాప్ పేరు చెప్పడం నేర్పినా. ఇప్పుడు బస్సులో కూడా గట్టిగా అరుస్తుంది, అది వేరే సంగతి.

టవర్‌క్లాక్_సెల్‌పాయింట్: ఒకటి అడుగుతా. పెద్ద అప్‌డేట్ మామూలుగా అడగకుండా పడదు. నొక్కింది ఎవరు?

పెన్నా_ఒడ్డు: నేనే. ఉగాదికి పోయినప్పుడు. సెక్యూరిటీ కోసం నొక్కినా. రక్షణ కావాలంటే రూపం కూడా మార్చుకోవాల్సిందేనా?

కడప_అక్కయ్య: అట్ల చెప్పు నాయనా. మా వాడూ ఇంతే. వచ్చిన ప్రతిసారీ “అమ్మా, ఫోన్ క్లీన్ చేసినా” అంటాడు. ఆ వారమంతా నేను వెతుక్కోవడమే. వంటింట్లో పోపుల డబ్బా జరిపితే ఊరుకుంటానా? ఫోన్ మాత్రం అడక్కుండా సర్దేస్తారు. కంపెనీని తిట్టేముందు మీ నాయనను అడిగినావా?

పెన్నా_ఒడ్డు: లేదక్కా.

బెంగళూరు_బస్సు: ప్రతిదానికీ అడుగుతూ కూర్చుంటే ఏ ఫోనూ అప్‌డేట్ కాదు.

కడప_అక్కయ్య: నీ ఫోన్‌ను నీ కొడుకు సర్దే రోజొస్తుందిలే.

పెన్నా_ఒడ్డు: ఇప్పుడే వీడియో కాల్‌లో నాయన చేతే ఊదా బొమ్మను హోమ్ స్క్రీన్ రెండో పేజీకి లాగించినా. “ఆడ కాదురా, ఇంకో గడి ఎడమకు ఉండేది” అన్నాడు. నిజమే, ముందు మెనూలో ఆ గడిలోనే ఉండేది.

టవర్‌క్లాక్_సెల్‌పాయింట్: ఆ గడిలోనే పెట్టించి లాక్ చేయించు. రాకపోతే టౌన్‌కు వచ్చినప్పుడు అంగడికి తెమ్మను, ఊరికే చేసిస్తా.

బెంగళూరు_బస్సు: సెర్చ్ వాడితే ఈ గోలే లేదు.