కాంజీ వెతకడానికి 214 రాడికల్స్ ఇంకా నేర్చుకోవాలా?

నాగోయా కొత్తవాడు: జపనీస్ నేర్చుకుంటున్నాను. మా టీచర్ ఫోన్ పక్కన పెట్టి కాగితం నిఘంటువులోనే వెతకమంటారు. అందులో కాంజీలు (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) రాడికల్స్ వారీగా, అంటే అక్షరంలోని ఒక ముఖ్య భాగాన్ని బట్టి, గుంపులుగా ఉంటాయి. నిన్న ‘అడగడం’ అనే అక్షరం కోసం పావుగంట పట్టింది. బొమ్మ చూస్తే పెద్ద గేటు, లోపల చిన్న చదరం (నోరు). సహజంగానే గేటు కింద వెతికాను. లేదు, నోరు కింద ఉంది! అదే గేటులో సూర్యుడుంటే, అంటే ‘మధ్య’ అనే అక్షరం, అది మాత్రం గేటు కిందే. ఇదేం లెక్క? ఫోన్లో వేలితో గీస్తే క్షణంలో దొరికేది.

పాత అట్ట: లెక్క ఉందండీ. ‘అడగడం’ చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలో ‘మొన్’. గేటూ ‘మొన్’. అంటే గేటు అక్కడ శబ్దం కోసమే నిలబడింది, అర్థం నోటిది. అదే గేటులో చెవి పెడితే ‘వినడం’, అది చెవి కింద ఉంటుంది. క్రీ.శ. 100లో చైనా పండితుడు షు షెన్ అక్షరాల్ని 540 గుంపులు చేశాడు. 1615లో మరో చైనా పండితుడు మెయ్ యింగ్‌జువో వాటిని 214కి తగ్గించాడు. 1716 నాటి చైనా కాంగ్‌షీ నిఘంటువు 47 వేల పైచిలుకు అక్షరాల్ని ఆ గుంపుల్లోనే సర్దింది. ఒకసారి పట్టుబడితే కొత్త అక్షరం చూడగానే సగం అర్థం తెలిసిపోతుంది.

తిక్క శంక: అయ్యా, అర్థం తెలిస్తే గానీ ఏ గుంపో తెలియదు. అర్థం తెలియకే కదా నిఘంటువు తీసింది! 1920ల్లో చైనాలో వాంగ్ యున్‌వూ ఈ బాధ పడలేకే నాలుగు మూలల పద్ధతి పెట్టాడు. మూలకో అంకె చొప్పున నాలుగంకెలు, అంతే. జపనీస్‌కి నిఘంటుకారుడు జాక్ హాల్పెర్న్ పద్ధతి ఇంకా తేలిక. మొదటి అంకె అక్షరం చీలే తీరుకి, మిగతా రెండూ భాగాల గీతల లెక్కకి. ‘పరస్పరం’ అక్షరం చూడండి. ఎడమ, కుడి భాగాలుగా చీలుతుంది కాబట్టి 1. ఎడమన చెట్టు, 4 గీతలు. కుడిన కన్ను, 5 గీతలు. 1-4-5 తిప్పితే దొరుకుతుంది. రాడికల్ పద్ధతిలో అది చెట్టు కిందా, కన్ను కిందా? కన్ను కింద. ఎవరికి తడుతుంది చెప్పండి?

పలక బలపం: తెలుగులో మనకు ఈ గొడవే లేదు. క నుంచి క్ష దాకా పలుకుని బట్టే వరస, చూపుతో పనిలేదు. కాకపోతే మా వాడు మ, య కలిపేస్తాడు. ఖర్మకొద్దీ అవి వరసలో కూడా పక్కపక్కనే!

పాత అట్ట: శంక గారూ, 1-4-5 వల్ల అక్షరం దొరుకుతుంది, నిజమే. కానీ ఆ అంకెలు ఇంకేమీ నేర్పవు. ఫోన్ నంబర్ తెలిస్తే మనిషి తెలిసినట్టా?

తిక్క శంక: ముందు నంబర్ దొరకనివ్వండి, పరిచయం తర్వాత చేసుకుంటాం.

నాగోయా కొత్తవాడు: శంక గారి మాట విని ‘అడగడం’ అక్షరాన్ని అంకెలతో వెతికాను. చుట్టూ గేటు కాబట్టి 3, గేటుకి 8 గీతలు, నోరు చదరమే కదా అని 4. 3-8-4 తెరిస్తే అక్కడ ఎవరున్నారు? సూర్యుడున్న గేటు! నోటికి మూడే గీతలట. పై గీత, కుడి గీత ఒకే ఊపులో వేస్తారట.